రైతుబిడ్డకు తోటపని క్లాసెందుకు అని అడిగిన చెల్లెకు

చెల్లె, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నర్సంపేట దగ్గర పల్లెలో పుట్టి, నాట్లేసి, పత్తి ఏరినదానివి, ఒహాయోలో లైబ్రరీ వాళ్లు పెట్టే తోటపని క్లాసుకు డబ్బు కట్టి పోవడం ఏందని మీ ఆయన అంటున్నాడని రాశావు. పోవాలి. ఈ వారమే పేరు రాయించుకో. ఎందుకో వివరంగా చెప్తాను, ఓపికగా విను.

నేను పరకాల దగ్గరి పిల్లను. మాది రేగడి భూమి. మీ ఒహాయోలోనే ఉన్న కొలంబస్‌కు వచ్చిన కొత్తలో నేనూ ఇదే మాట అన్నాను. ఇంటి వెనక జాగ ఉంది, అమ్మ మూటగట్టి ఇచ్చిన చిక్కుడు గింజలున్నాయి, ఇక నాకొకరు నేర్పేదేముంది అనుకున్నాను. మే నెలలో గింజలు పెట్టాను. తీగ కంచె దాటి పక్కింటి షెడ్డు మీదికి పాకింది. జూలై పోయింది, ఆగస్టు పోయింది, పూత జాడ లేదు. నేలలో సత్తువ లేదేమోనని ఎరువు వేస్తే ఆకులు ఇంకా పెద్దవయ్యాయి. సెప్టెంబరు చివర్లో ఊదారంగు పూత కనబడితే వీడియో కాల్‌లో అమ్మకు చూపించి సంబరపడ్డాను. అక్టోబరులో ఒక రాత్రి గడ్డకట్టే చలి పడింది. తెల్లారి చూస్తే తీగంతా ఉడకబెట్టినట్టు నల్లబడి వేలాడుతోంది. గోరంత పిందెలు చేతికి మెత్తగా తగిలాయి. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

దాని సంగతి ఆ మరుసటి ఏడు క్లాసులో తెలిసింది. మన నాటు చిక్కుడు పగలు తగ్గితేనే పూస్తుంది. వరంగల్‌లో ఎంత పెద్ద పగలైనా 13 గంటలు దాటి కొద్ది నిమిషాలే. కొలంబస్‌లో జూన్ పగలు 15 గంటలు. పగలు తగ్గేదాకా తీగ ఆగుతుంది, ఆలోపు చలి వచ్చి పడుతుంది. నేల తప్పు కాదు, గింజ తప్పు కాదు. పగటి నిడివితో పనిలేని రకం, త్వరగా కాపుకొచ్చే రకం అడిగి తెచ్చుకోవాలి. మన పుంటికూర, అదే గోంగూర సంగతి చూడు, అదీ పగలు తగ్గితేనే పూసే జాతే. కానీ మనకు కావాల్సింది ఆకే కాబట్టి ఇక్కడి పొడుగు పగళ్లలో పూతకు పోకుండా కోసిన కొద్దీ చిగురిస్తూనే ఉంటుంది. ఈ లెక్క మా నాయనకు తెలియదు. ఆయనకు అవసరం పడలేదు.

అందుకే రైతుబిడ్డనన్న ధైర్యం మంచిదే కానీ అదొక్కటే సరిపోదు. ఇక్కడ చివరి చలి మే నడిమిదాకా పడుతుంది. మిరప, వంకాయ నారు మార్చిలోనే ఇంట్లో లైట్ల కింద పోయాలి. బయట నాటే ముందు వారం రోజులు కొంచెం కొంచెంగా ఎండకూ గాలికీ అలవాటు చేయాలి. మన వరంగల్ చపాట మిర్చి ఉంది కదా, 2025లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు పంట అన్న ముద్ర, వచ్చినది, అలాంటి దాన్ని నేరుగా మడిలో విత్తితే పండేలోపే సీజన్ అయిపోతుంది. ఇంకొకటి, 1978కి ముందు కట్టిన ఇళ్ల చుట్టూ పాత పెయింటులోని సీసం మట్టిలో కలిసి ఉండొచ్చు. ఆకుకూర పెట్టేముందు భూసార పరీక్షతో పాటు సీసం పరీక్ష కూడా అడుగు. ఈ విషయంలో నిర్లక్ష్యం వద్దు, రేపు పిల్లలు తినేది.

లైబ్రరీలో ఆ క్లాసులు చెప్పేవాళ్లు కూడా ఎవరో కాదు. 1914లో చట్టం చేసి, యూనివర్సిటీల విద్యను రైతుల దగ్గరికి తీసుకుపోవడానికి పెట్టిన విస్తరణ శాఖలు ఇక్కడ దాదాపు ప్రతి కౌంటీకీ, అంటే మన జిల్లా లాంటిదానికి, ఉన్నాయి. మన మామునూరు, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాల పని లాంటిదే. 1970ల మొదట్లో వాషింగ్టన్ రాష్ట్రంలో పట్నం జనం తోటల సందేహాలతో ఆ ఆఫీసుల మీద పడితే, కొంతమందికి శిక్షణ ఇచ్చి, బదులుగా వాళ్ల చేత వాలంటీరు పని చేయించే పద్ధతి మొదలైంది. అట్లా శిక్షణ పొందినవాళ్లనే మాస్టర్ గార్డెనర్లు అంటారు. నీ క్లాసులో చెప్పేవాళ్లు చాలావరకు వాళ్లే, రిటైరై ఓపికగా చెప్పేవాళ్లు.

రూల్స్ గురించి ఎక్కువ చెప్పను. ఇండియా నుంచి విత్తనాలు తేవడానికి పత్రాలు కావాలి, సంచిలో దాచి తేవద్దు. హెచ్4 వీసాలో, అంటే ఆయన ఉద్యోగ వీసా మీద నీకిచ్చిన దాంట్లో, చదువుకోవచ్చు, క్లాసుకు పోవచ్చు. వాలంటీరు పనికి ఏది కుదురుతుందో, ఏది కుదరదో వీసా సైట్లో చూసుకో.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరంలో తోట గురించి ఉన్నది నాలుగు ముక్కలే. మిగతాదంతా మధ్యాహ్నాల గురించే. ఆయన ఆఫీసుకు పోయాక, వంటా ఇల్లూ అయ్యాక, పదకొండింటికి అమ్మకు ఫోన్ చేద్దామంటే చలికాలంలో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, వాళ్లు పడుకునే టైం. ఆ తర్వాత సాయంత్రం దాకా మాట్లాడే మనిషి లేడు. ఆ మధ్యాహ్నాలు నాకు తెలుసు, చెల్లె. తిండి సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం, చిన్నమాటకు ఆయన మీద కోపం రావడం, అన్నీ వాటిలోంచే మొదలవుతాయి. మొదటి చలికాలంలోనే ఇది పట్టించుకోవాలి. నువ్వు చిన్నదానివి, సర్దుకుంటుందిలే అనుకుంటున్నావు. దానంతట అది సర్దుకోదు.

మనవాళ్ల పార్టీలున్నాయి కదా అనకు. అవి శని ఆదివారాలు, చీర కట్టుకుని పోవాలి, మాటలన్నీ గ్రీన్ కార్డు, ఇళ్ల ధరలు. మంగళవారం మధ్యాహ్నం నిన్ను ఎవరు పలకరిస్తారు? తోట క్లాసులో చేతులకు పనుంటుంది కాబట్టి నోరు దానంతట అదే తెరుచుకుంటుంది, మన ఊరి నాట్లలో లాగా. ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకు. నా పక్కన కూర్చున్న పెద్దావిడకు నేను చెప్పేది సగమే అర్థమయ్యేది, అయినా నారు వేళ్లు చెదరకుండా ఎట్లా విడదీస్తానో నా చేతులు చూసి నేర్చుకుంది. చిక్కుడు గుట్టు నాకు విప్పి చెప్పిందీ ఆమే. నేను జ్వరంతో క్లాసుకు పోని వారం సూప్ గిన్నెతో మా తలుపు కొట్టిందీ ఆమే. ఇప్పుడు అదే క్లాసులో వేసవిలో ఒక పూట సొర, బీర, పుంటికూర గురించి నేనే చెప్తాను. అమెరికా వాళ్లు నోట్సు రాసుకుంటారు.

అందుకే ఆన్‌లైన్ క్లాసు తీసుకోకు, చౌకైనా సరే. మళ్లీ ఆ గదిలో ఒక్కదానివే కూర్చోవాల్సి వస్తుంది. మట్టిలో చేయి పెట్టించేది, వారం వారం అదే మనుషులు వచ్చేది చూసుకో. బస్సు దొరికే చోటైతే ఆయన కారు కోసం ఎదురుచూసే పని ఉండదు. అట్లనే కమ్యూనిటీ గార్డెన్‌లో మడికి కూడా పేరు ఇవ్వు. పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు మడి అంటే మన గుంటలో ఐదో వంతు కూడా రాదు, మీ ఆయనకు నవ్వొస్తుంది. రానీ. చాలాచోట్ల చలికాలంలోనే పేర్లు నిండిపోతాయి, ఆలస్యం చేయకు. మూలన ఉన్న మడి వద్దు, దారి పక్కది అడుగు, వచ్చేపోయేవాళ్లు పలకరిస్తారు. మొదటి ఏడాది పుంటికూర, బెండ, టమాటా చాలు. చిక్కుడు పెట్టాలనిపిస్తే పెట్టేముందు నాకు రాయి, ఏ రకమో చెప్తాను.