అడవి గదికి వెళ్లే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నెల రోజులు అడవిలోని చెక్క గదిలో ఒంటరిగా ఉండి నవల పూర్తి చేస్తానని రాశావు. వద్దనను. నేనూ వెళ్లినవాడినే. మొదటిసారి ఒక్క పేజీ కూడా రాయకుండా తిరిగొచ్చాను కాబట్టి నా మాట కాస్త విను.

ఖాళీ కాగితాలతో మాత్రం వెళ్లకు. అడవి ఎవరికీ కథ ఇవ్వదు. రెండు మూడు అధ్యాయాలు ఇక్కడే, ఈ గోల మధ్యనే రాసి, తరువాతిది సగంలో ఆపి బయలుదేరు. నేను అక్కడికి చేరాక మొదలుపెడదామనుకున్నాను. కిటికీ ముందు బల్ల వేసుకుని వారమంతా ఉడుతలను చూస్తూ గడిపాను. రెండోసారి వెళ్లినప్పుడు చేసిన మొదటి పని బల్లను గోడవైపు తిప్పడం.

అడవిలో ఒంటరిగా రాయడమనగానే అందరూ అమెరికా రచయిత థోరో పేరు చెబుతారు. 1845 జూలై 4న వాల్డెన్ చెరువు దగ్గర, పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు ఉన్న గదిలో చేరి రెండేళ్లకు పైగా ఉన్నాడు. అయితే అతను అక్కడ రాయాలనుకున్నది 1839లో అన్నతో కలిసి చేసిన పడవ ప్రయాణం గురించి. అంటే విషయం వెంట తీసుకునే వెళ్లాడు. ఆ చెరువు దగ్గరి జీవితం గురించి రాసిన ‘వాల్డెన్’ అచ్చయ్యేసరికి 1854 వచ్చింది. పైగా తరచూ ఊళ్లోకి నడిచి వెళ్లేవాడు, గదిలో మూడు కుర్చీలు ఉంచుకున్నాడు. కాబట్టి మౌనవ్రతం పట్టాలని పంతం వద్దు. వారానికొకసారి ఎవరితోనైనా మాట్లాడి రా.

మొదటి మూడు రోజులు నిద్ర ముంచుకొస్తుంది. ఆ తరువాత పనుల మీద ఎక్కడలేని ప్రేమ పుడుతుంది. కట్టెలు చీలుస్తావు, చీల్చినవి పేరుస్తావు, పేర్చినవి మళ్లీ సర్దుతావు. రాయకుండా తప్పించుకోవడానికి ఇంతకంటే గౌరవమైన దారి లేదు! పొయ్యి వెలిగించి నీళ్లు కాచుకోవడం తప్ప, మిగతా పనులన్నీ రాత ముగిశాకే.

వాగు నీళ్లు ఎంత తేటగా కనిపించినా, బాగా తెర్లిన తరువాత కనీసం ఒక నిమిషం మరగనివ్వు. రెండు వేల మీటర్లకు మించిన ఎత్తులో అయితే మూడు నిమిషాలు. రెండు కట్టెలను ఒకదానికొకటి కొట్టి చూడు: ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి మొద్దుగా పలుకుతాయి. పచ్చివి గదంతా పొగ చేస్తాయి. బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని మాత్రం ఎన్నడూ పడుకోకు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొయ్యి దగ్గర తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే బయటికి వచ్చెయ్యి.

ఎక్కడ ఉంటావో, ఏ రోజు తిరిగొస్తావో ఒకరికి రాసి ఇవ్వు. ఆ రోజు దాటితే వెతుక్కుంటూ రమ్మని కూడా చెప్పు. ఫోను పలుకుతుందని నమ్ముకోకు.

రాత్రి చప్పుళ్ల సంగతి. పైకప్పు మీద ఎలుగుబంటి తిరుగుతోందని ఒక రాత్రంతా కర్ర పట్టుకుని కూర్చున్నాను. తెల్లవారి చూస్తే ఎలుక. అది నా రాతప్రతి మూల కొరికి వెళ్లింది. తిండితో పాటు కాగితాలు కూడా మూత ఉన్న రేకు డబ్బాలో దాచు.

అక్కడ రాసినదాన్ని అక్కడే చదివి మురిసిపోకు. ఆ నిశ్శబ్దంలో ప్రతి వాక్యమూ గొప్పగానే వినిపిస్తుంది. తిరిగొచ్చి పది రోజులు ఆగి చదువు, ఆ తరువాత నాకు పంపు. డబ్బా కొనకు, నాది అటక మీద ఉంది. బయలుదేరే ముందు వచ్చి తీసుకెళ్లు.

నీ పెదనాన్న