పాత డిస్కు చెరిపే ముందు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

రెండు డిస్కులను జతగా నడిపే రెయిడ్ కార్డు మొరాయిస్తోందని, స్టూడియో సర్వర్‌ని, కార్డు లేకుండా లైనక్సే ఆ జతను నడిపే సాఫ్ట్‌వేర్ రెయిడ్‌కి మారుస్తానని అన్నావు. మార్చాల్సిందే. ఆ కార్డు పోతే అదే రకం కోసం తిరుపతంతా వెతకాలి. లైనక్స్‌లో ఆ పని చేసే ఎండీఆడమ్ టూల్‌తో కట్టిన మిర్రర్ (రెండు డిస్కుల్లోనూ ఒకే కాపీ ఉండే జత) అయితే ఏ లైనక్స్ మెషిన్‌కి తగిలించినా తెరుచుకుంటుంది. కాకపోతే ఆషాఢం దాకా ఆగు. పెళ్లిళ్లు ఉండవు, తీరిగ్గా చేసుకోవచ్చు.

ఈలోగా ఎక్స్‌టర్నల్ డిస్కులోకి బ్యాకప్ తీసి, దాంట్లోంచే నాలుగు పాత ఆల్బమ్‌లు తెరిచి చూసి, ఇంట్లో దాచు. మిర్రర్ ఉందిగా అనుకోకు. పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపితే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది.

పాత జతను విడగొట్టి పని మొదలుపెట్టొద్దు. కొత్త డిస్కు ఒకటి కొని, కార్డుకి కాకుండా నేరుగా మదర్‌బోర్డు సాటా పోర్టుకి తగిలించు. పార్టిషన్ పాత డిస్కు సైజుకన్నా కాస్త తక్కువ పెట్టు, లేకపోతే రేపు పాతది జత కలవదు. అర్రే, అంటే ఆ డిస్కుల జత, కట్టేటప్పుడు రెండో డిస్కు పేరు ఉండాల్సిన చోట ‘మిస్సింగ్’ అని రాస్తే, ఒంటి డిస్కుతోనే మిర్రర్ లేస్తుంది. కాపీ టూల్ ఆర్‌సింక్‌తో అంతా కాపీ చేసి, ఏ డిస్కు ఎక్కడ తెరవాలో చెప్పే ఎఫ్‌స్టాబ్, బూట్ మొదట్లో లోడయ్యే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సరిచేసి, లైనక్స్‌ని బూట్ చేయించే గ్రబ్ ఎక్కించి, దాన్నుంచే బూట్ చెయ్యి. పాత జతను ముట్టుకోకుండా నాలుగు రోజులు దానిమీదే పని చూడు. ఆ నాలుగు రోజులూ రాత్రిపూట బ్యాకప్ మానకు, ఎందుకంటే కొత్త ఫోటోలు ఒక్క డిస్కులోనే ఉంటాయి.

అన్నిటికన్నా భయపడాల్సింది ఆ తర్వాతి పనికి, అంటే పాత డిస్కు చెరిపి కలపడానికి. లైనక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లను నమ్మొద్దు, రీబూట్‌తో అవి మారిపోవచ్చు. చిత్తూరులో ఒక ఆఫీసు సర్వర్‌లో నేను పేరు చూసి పార్టిషన్ చేశాను, అది లెక్కలున్న డిస్కు. వారం కిందటి బ్యాకప్ ఉండబట్టి బయటపడ్డాం. అయినా ఆ వారం ఎంట్రీలన్నీ గుమాస్తాలు మళ్లీ కొట్టాల్సి వచ్చింది. వాళ్ల ముఖాలు నాకింకా గుర్తే. సీరియల్ నంబరు డిస్కు మీద మార్కర్‌తో పెద్దగా రాసుకో, కమాండ్ కొట్టే ముందు డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులోని నంబరుతో పోల్చు. ఆ రిపోర్టులోనే పెండింగ్ సెక్టార్లు (సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు) సున్నా ఉన్నాయా అనీ చూడు, లేకపోతే ఆ డిస్కు కలపకు.

పాత జతలో ఒకటే కలుపు, రెండోది నెలరోజులు బీరువాలో ఉండనీ. కలిపే ముందు వైప్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌తో కార్డు రాసిన పాత గుర్తులు తీసెయ్యి. 4 టీబీ డిస్కు సెకనుకు 150 ఎంబీ చొప్పున నడిచినా సింక్ (మొదటి డిస్కులోదంతా రెండో దాంట్లోకి కాపీ) కావడానికి ఏడు గంటలు దాటుతుంది, యూపీఎస్ బ్యాటరీ ముందే చూసుకో. సింక్ అయ్యాక రెండో డిస్కు మీదా గ్రబ్ ఎక్కించి, మొదటిది తీసేసి బూట్ అవుతుందో లేదో చూడు.

డిస్కు కొన్న రోజు మూడింటి సీరియల్ నంబర్లూ ఫోటో తీసి పంపు. పాతది చెరిపే రోజు పొద్దున్నే బస్సుకి నేను వస్తాను, అంతదాకా ఆ కమాండ్ కొట్టకు.

మీ మామ