ఆ ‘ప్రభావం’ కొట్టెయ్

తమ్ముడూ,

కింగ్ క్రిమ్సన్ అనే ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండు 1981లో చేసిన ‘డిసిప్లిన్’ ఆల్బమ్ మీద నీ వ్యాసం అందింది. బాగా రాశావు. రెండుసార్లు చదివాను. కానీ రెండో పేజీలో “న్యూ వేవ్ ప్రభావంతో ప్రోగ్రెసివ్ రాక్ కొత్త పుంతలు తొక్కింది” అన్నావే, అక్కడ కాగితాలు పక్కన పెట్టేసి లేచిపోయాను. అంత కోపం వచ్చింది. హాస్టల్ మెస్‌లో స్టీలు కంచం మీద ఏడేసి దెబ్బలు కొట్టుకుంటూ ఈ పాటలు మననం చేసుకున్నానని రాసిన చెయ్యే ఈ వాక్యమూ రాసిందా?

ప్రభావం అనే మాట నా దృష్టిలో బద్ధకం. వినని వాళ్ళు కూడా రాయగలరు దాన్ని. ప్రభావం గాలిలో కొట్టుకురాదు. మనుషులు మోసుకొస్తారు, చేతులతో. గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ 1974లో కింగ్ క్రిమ్సన్‌ను ఆపేశాడు. ఆ తర్వాత న్యూయార్క్‌లో మకాం పెట్టి, అప్పుడప్పుడే వస్తున్న న్యూ వేవ్ రాక్ బ్యాండుల్లో ఒకటైన బ్లాండీకి వాయించాడు. 1979లో అదే కోవకు చెందిన టాకింగ్ హెడ్స్ వాళ్ళ ‘ఐ జింబ్రా’ పాటలో వాయించాడు. మరుసటేడు అదే బ్యాండు ‘రిమెయిన్ ఇన్ లైట్’ ఆల్బమ్ చేస్తే అందులో అతిథిగా గిటార్ పట్టినవాడు ఏడ్రియన్ బెలూ. 1981లో ఆ ఇద్దరూ ఒకే బ్యాండులో చేరారు, అదే మళ్ళీ లేచిన కింగ్ క్రిమ్సన్. క్రిమ్సన్‌లో ఫ్రిప్ పక్కన ఇంకో గిటారిస్టు నిలబడటం అదే మొదలు. ఈ నాలుగు వాక్యాలు రాస్తే నీకు ఆ మాటతో పనేముంది?

ఇంకా దగ్గరికి వెళ్ళు. ఈ ఆల్బమ్‌లో బిల్ బ్రూఫర్డ్ డ్రమ్స్‌లో సింబల్స్, అంటే ఆ ఇత్తడి పళ్ళేలు, ఎంత తక్కువ వినిపిస్తాయో గమనించావా? ఫ్రిప్ అడిగి మరీ తగ్గించాడు. పైస్థాయిలో ఆ గలగల లేకపోబట్టే రెండు గిటార్ల అల్లిక పోగు పోగుగా వినబడుతుంది. ‘ఎలిఫెంట్ టాక్’ పాట మొదట్లో నువ్వు బేస్ గిటార్ అన్నది బేస్ గిటార్ కాదు, చాప్‌మన్ స్టిక్. పది తీగలు. మీటడం ఉండదు, రెండు చేతుల వేళ్ళతోనూ తీగల మీద తట్టడమే. టోనీ లెవిన్ దాన్ని అలా తడుతుంటే కాళ్ళు ఊరుకోవు. డాన్సు చెయ్యాలనిపించే లయ! నువ్వు న్యూ వేవ్ అని తేల్చేసింది దీన్నే.

నాకు ఈ ఆల్బమ్ 1986లో దొరికింది. సికింద్రాబాద్‌లో క్యాసెట్లు రికార్డు చేసి ఇచ్చే షాపులో, ఖాళీ క్యాసెట్ నేనే కొనిస్తే చేసిపెట్టారు. మా మేనమామ మృదంగం వాయించేవారు. ఆయన ముందు అందులోని ‘ఫ్రేమ్ బై ఫ్రేమ్’ పాట పెట్టాను. ఆయన ఈ సంగీతం ఎప్పుడూ విన్నవారు కాదు. కాసేపు కళ్ళు మూసుకుని, తకిట తకధిమి అంటూ మిశ్రచాపు, అదే ఏడు లెక్కల తాళం, పట్టారు. ఉన్నట్టుండి చెయ్యి ఆపి, “ఒకడు ఒక స్వరం మింగేశాడ్రా” అన్నారు. నిజమే. గిటారిస్టులు ఇద్దరూ ఏడులోనే మొదలుపెడతారు, ఒకరు ఒక స్వరం వదిలేస్తారు, ఆవృత్తానికి ఒక్క స్వరం చొప్పున దూరం జరుగుతూ పోతారు. “మళ్ళీ ఎక్కడ కలుస్తారో చూద్దాం” అని ఆయన తాళం వేస్తూ కూర్చున్నారు. కలిసిన చోట తొడ మీద గట్టిగా చరిచారు.

అదంతా వ్యాసంగా రాసి ఒక పత్రికకు పంపాను. ఎడిటర్ గారు మామయ్య పేరా మొత్తం తీసేశారు. లెక్కలు పాఠకుడికి ఎందుకన్నారు. ఆ జాగాలో “గిటార్ల మాయాజాలం” అని పెట్టి అచ్చు వేశారు. మామయ్య పత్రిక తెప్పించుకుని చదివి, “నేను చెప్పింది ఏదిరా?” అని అడిగారు. ముప్ఫై ఎనిమిదేళ్ళయింది. ఇప్పటికీ ఆ ఎడిటర్‌ను క్షమించలేదు. మాయాజాలం, సంచలనం, ప్రయోగం, ప్రభావం: ఇవన్నీ ఒకే గూటి పక్షులు. వాటిని పెంచిపోషించింది ఇలాంటి సంపాదకులే.

‘థెలా హున్ జింజీత్’ గురించి “నగర జీవితపు అశాంతి” అని తేల్చేశావు. అందులో మాట్లాడే గొంతు ఎందుకు వణుకుతోందో కనుక్కోవద్దూ? బెలూ టేప్ రికార్డర్ పట్టుకుని లండన్ వీధుల్లోకి వెళ్ళాడు. ఒక గుంపు అడ్డగించింది, తర్వాత పోలీసులు ఆపారు. స్టూడియోకి తిరిగొచ్చి రొప్పుతూ జరిగింది చెబుతుంటే, అతనికి తెలియకుండా ఫ్రిప్ రికార్డు చేయించాడు. పాటలో ఉన్నది ఆ భయమే. పేరేమో ‘హీట్ ఇన్ ద జంగిల్’ ఇంగ్లీషు అక్షరాల్నే అటూ ఇటూ మార్చి పేర్చింది.

ఏ పత్రికకు పంపాలి, పుస్తకం వెయ్యొచ్చా అని అడిగావు. ఇప్పుడు వాటి జోలికి పోను. ముందు ఆ కంచం వాక్యాన్ని చివరి పేజీలోంచి తీసి మొదట్లో పెట్టు. మెస్‌లో పక్కవాళ్ళు ఏమన్నారు? ఎన్నో దెబ్బ దగ్గర నీ లెక్క తప్పేది? అది రాసి పంపు. ఎదురు చూస్తుంటాను.

ఆశీస్సులతో,
నీ పెద్దన్నయ్య