పధ్నాలుగో అంతస్తు భయానికి ఆయుర్వేదం

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నా వయస్సు 41 సంవత్సరాలు. మా వారి ఉద్యోగరీత్యా ఏడాదిగా బెంగళూరు వైట్‌ఫీల్డులో, పధ్నాలుగో అంతస్తులో ఉంటున్నాము. బాల్కనీలో అడుగు పెడితే కాళ్లు వణుకుతాయి, అరచేతులు చెమర్చుతాయి, గుండె దడదడలాడుతుంది. బట్టలు కూడా మా అమ్మాయే ఆరవేస్తుంది. అశ్వగంధ చూర్ణం, బ్రాహ్మీ ఘృతం (బ్రాహ్మి వేసి కాచిన నెయ్యి) వాడితే ఈ భయం పోతుందని బంధువులంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, కేవలం మందుతో పోయే భయం కాదిది. అయినా ఆయుర్వేదంలో మీకు పనికివచ్చేది చాలా ఉంది. ముందుగా ఒక సంగతి తేల్చుకోండి. నేల మీద ఉన్నప్పుడు, పడుకుని పక్కకు తిరిగినప్పుడు కూడా చుట్టూ గిర్రున తిరిగినట్లు అనిపిస్తే అది మన గ్రంథాలు ‘భ్రమ’ అని వేరుగా చెప్పిన లక్షణం. అలాగైతే మొదట చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించుకోవాలి. ఎత్తు మీద మాత్రమే వస్తున్నదైతే అది భయమే.

కామం, శోకం, భయం వాయువును, అంటే శరీరంలోని వాతాన్ని, ప్రకోపింపజేస్తాయని చరకుడు జ్వరచికిత్స అధ్యాయంలో చెప్పాడు. వణుకు, దడ, నిద్ర పట్టకపోవడం వాతలక్షణాలు కనుక, వాతాన్ని శమింపజేయడానికి వారానికి రెండు మూడుసార్లు గోరువెచ్చని నువ్వుల నూనెతో ఒళ్లంతా మర్దన చేసుకుని వేడినీళ్ల స్నానం చేయండి. బెంగళూరు చలికి ఇది మరీ మంచిది. వేళకు వెచ్చని భోజనం చేయండి, కాఫీ తగ్గించండి. అశ్వగంధ, అంటే మన పెన్నేరు గడ్డ, కొందరికి ఆందోళనను, నిద్రలేమిని తగ్గించవచ్చు. అయితే గర్భిణులు దానిని వాడరాదు. థైరాయిడ్, కాలేయ సమస్యలున్నవారూ నిద్రమాత్రలు వాడేవారూ వైద్యుని అడగకుండా ముట్టకూడదు. బ్రాహ్మీ ఘృతం కూడా జీర్ణశక్తిని చూసి వైద్యుడు మోతాదు నిర్ణయించవలసిన మందే తప్ప బంధువుల మాట మీద కొనుక్కునేది కాదు.

అసలు చికిత్స మరొకటి ఉంది. మానసిక దోషానికి జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి (జ్ఞాపకం), సమాధి (మనస్సు నిలకడ) ఔషధాలని చరకసంహిత సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే ఉంది. మనస్సును అహితమైన విషయాల నుండి మళ్లించే ఈ పద్ధతికి ‘సత్త్వావజయం’ అని పేరు. దీనిని చాలామంది భయపెట్టేదానికి దూరంగా ఉండమనే అర్థంలో తీసుకుంటారు. నా దృష్టిలో అది పొరపాటు. ఇక్కడ అహితమైనది బాల్కనీ కాదు, పడిపోతానన్న ఊహ. బాల్కనీని తప్పించుకున్న ప్రతిసారీ ఆ ఊహే బలపడుతుంది. ధైర్యం అభ్యాసంతో వచ్చేది కనుక నేటి మనోవైద్యులు చేయించే క్రమమే మీరూ పాటించండి. మొదట తలుపు తెరిచి, హాలులో పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, దడ దానంతట అదే తగ్గేవరకు నెమ్మదిగా ఊపిరి తీస్తూ కూర్చోండి; దడ హెచ్చుగా ఉన్నప్పుడు లేచి వెళ్లిపోవద్దు. అక్కడ కూర్చోవడం మామూలయ్యాకే కుర్చీని ఒక అడుగు ముందుకు జరపండి. గడప దాటడానికి వారాలు పట్టినా ఫరవాలేదు. పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి చూడడం అన్నిటికన్నా చివరి మెట్టు.

ఇంట్లోవారు చేయి పట్టుకుని బలవంతంగా లాక్కుపోవడం, నవ్వడం ఎంతమాత్రం కూడదు. మీ వారికి ఈ మాట చదివి వినిపించండి. కొన్ని వారాలకూ కుర్చీ ముందుకు కదలకపోతే ఊరిలోనే ఉన్న జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో గాని, మరొక క్లినికల్ సైకాలజిస్టు వద్ద గాని చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ వారి 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.