ఏడో క్లాసు చదువుతో సిటిజన్‌షిప్ పరీక్ష

ప్రశ్న: నా వయసు 57. టెక్సాస్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. గ్రీన్ కార్డు వచ్చి ఆరేళ్లయింది. చదివింది ఏడో తరగతి, తెలుగు మీడియం. మనవళ్ల పుణ్యమా అని ఇంగ్లీషు కొంత అర్థమవుతుంది కానీ వాక్యం రాయమంటే చెయ్యి కదలదు. మతిమరుపు ఉందని డాక్టరు చేత రాయించుకుంటే సిటిజన్‌షిప్‌కి పరీక్షే ఉండదని తెలిసినవాళ్లు అంటున్నారు. అలా చేయనా?
- ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. డాక్టరు నింపే ఆ ఎన్-648 ఫారం నిజంగా జబ్బో వైకల్యమో ఉండి నేర్చుకోలేని వాళ్ల కోసం. చదువుకోకపోవడం జబ్బు కాదు. లేనిది ఉందని రాయిస్తే అది మోసం కిందికి వస్తుంది. ఆ సలహా ఇచ్చినవాళ్లు రేపు మీ పక్కన వచ్చి కూర్చోరు.

వయసు మినహాయింపు ఒకటుంది. 55 దాటి, గ్రీన్ కార్డు మీద 15 ఏళ్లు ఉన్నవాళ్లకు ఇంగ్లీషు మాఫీ, సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద అడిగే ప్రశ్నలు) జవాబులు తెలుగులో చెప్పుకోవచ్చు. దానికి మీరు ఇంకో తొమ్మిదేళ్లు ఆగాలి. నేనైతే ఆగను.

నేనూ ఇంగ్లీషు పరీక్షలో మొదటిసారి తప్పినదాన్నే. మూడు వాక్యాల్లో ఒక్కటి సరిగ్గా చదివితే చాలు, చదివేశాను. రాయడం కూడా మూడింట్లో ఒకటే. ఆఫీసరమ్మ 'సిటిజన్స్ కెన్ వోట్' అంది. మనం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి 'ఓటు' అనే అన్నాం కదా! ఆవిడ పైపళ్లతో కింది పెదవి నొక్కి పలికేసరికి నాకు 'బోట్' అని వినిపించింది. బి-ఓ-ఎ-టి అని రాసిచ్చాను. పౌరులు పడవేమిటని నాకే అనుమానం వచ్చింది. ఆ కంగారులో మిగతా రెండూ పోయాయి. రెండు నెలలు దాటాక మళ్లీ పిలిచారు, పోయిన రాత ఒక్కటే పెట్టారు.

అప్పుడు అర్థమైంది, నా ఇబ్బంది చేతిలో లేదు, చెవిలో ఉందని. చదవడానికి, రాయడానికి వచ్చే మాటల జాబితాలు ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. రెండూ కలిపినా నోటుపుస్తకంలో నాలుగైదు పేజీలు. మా కోడలు కూరలు తరుగుతూ వాక్యం చెప్పేది, నేను పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసేదాన్ని. కానీ కోడలిది మన యాసే. చివరికి మనవరాలి చేత చెప్పించుకుంటే దారికొచ్చింది. మీరూ మనవళ్లనే పట్టుకోండి. అర్థం చెడనంత వరకు చిన్న స్పెల్లింగ్ తప్పులకు ఫెయిల్ చెయ్యరు గానీ, మాటను కుదించి పొడి అక్షరాలు రాస్తే ఒప్పుకోరు. ఫిబ్రవరి స్పెల్లింగుకి మాత్రం మన తెలుగే ఆసరా. అమెరికన్ల నోట్లో ఆ 'ర' సగం మింగుడుపడిపోతుంది, మనకు వినిపిస్తూనే ఉంటుంది.

సివిక్స్ గురించి బెంగ వద్దు. ఇప్పుడు అప్లై చేసేవాళ్లకు 128 ప్రశ్నల్లోంచి 20 దాకా అడుగుతారు, 12 చెప్పాలి. అది బట్టీ పని. ఎక్కాలు బట్టీ పట్టిన తరం మనది.

నాకు ఎక్కువ భయం మీ అప్లికేషన్ మీద వేసే ప్రశ్నలతో. ఇంగ్లీషు మాట్లాడటం వచ్చో రాదో అక్కడే చూస్తారు. 'హేవ్ యు ఎవర్' అని మొదలెట్టి, అరెస్టయ్యారా, అబద్ధమాడారా అని వరసగా అడుగుతారు. మనకేమో పెద్దమనిషి ఏదన్నా తల ఊపి 'ఎస్ ఎస్' అనడం అలవాటు. లైబ్రరీ క్లాసులో నా పక్కన కూర్చున్నావిడ అభ్యాసంలో అరెస్టుకీ 'ఎస్' అనేసింది! ఆ మాటకు అర్థమేంటని కూడా అడుగుతారు. వ్యాకరణం దేనికి, 'పోలీస్ టేక్ జైల్' అంటే సరిపోతుంది. అర్థం కాకపోతే 'రిపీట్ ప్లీజ్' అనండి, తప్పు లేదు.

మీ ఊరి లైబ్రరీలో ఉచిత సిటిజన్‌షిప్ క్లాసు ఉందేమో అబ్బాయిని కనుక్కోమనండి. ఇంకో మాట. నన్ను రాయమన్నది కాగితం మీద కాదు, ట్యాబ్ మీద ప్లాస్టిక్ పెన్నుతో. అది తడి పలక మీద బలపంలా జారిపోతుంది. వారం ముందే ఇంట్లో ట్యాబ్ తీసుకుని మీ పేరు ఓ పాతికసార్లు రాసి చూసుకోండి.