ఆయన వెనుకబడలేదమ్మా, మీ మైకుకి దూరంగా నిలబడ్డారు

అమ్మా, వందనాలు.

మీ ఉత్తరం చదివాను. చిరునామాలో రాజాం పక్క ఊరు, శ్రీకాకుళం జిల్లా అని రాశారు, 2022లో రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లినా మన చేతికి ఇంకా పాత పేరే వస్తోంది. సరే, మిగతా వాళ్లకి తెలియాలి కాబట్టి పేర్లు లేకుండా మీ సంగతి ముందు చెప్పేస్తాను. మీ ఆయన జూట్ మిల్లులో పనిచేస్తారు. పెళ్లయిన కొత్తలోనే తాగుడు పట్టుకుంది. మీ పుస్తెలు తాకట్టుకి వెళ్లాయి, రెండు మూడుసార్లు మీ మీద చెయ్యి కూడా చేసుకున్నారు. పక్కింటావిడతో కలిసి మీరు ప్రార్థనకి వెళ్లడం మొదలుపెట్టారు, బాప్తిస్మం తీసుకున్నారు, కొన్నాళ్లకి ఆయనా వచ్చారు, 2019 క్రిస్మస్ తర్వాత చుక్క ముట్టలేదు. అప్పటినుంచి మీరు ఆదివారం ఆరాధనలో, గృహ కూటాల్లో, చుట్టుపక్కల ఊళ్ల సభల్లో సాక్ష్యం, అంటే దేవుడు మీ ఇంట్లో చేసిన మేలు నలుగురి ముందు, చెబుతున్నారు. ఈ ఏడాదిగా మాత్రం ఆయన చర్చికి రావడం తగ్గించారు, రాత్రిపూట పాపతో కలిసి బైబిలు చదివే అలవాటు కూడా మానేశారు. ఆయన విశ్వాసంలో వెనుకబడిపోయారు కదా, 21 రోజుల ఉపవాసం ఉండమంటారా, 40 రోజులు ఉండమంటారా, సంఘమంతా ప్రార్థన చేసేలా విన్నపాల్లో ఆయన పేరు రాయించమంటారా, ఇదీ మీ ప్రశ్న.

ఉపవాసం సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. 21 వద్దు, 40 వద్దు. యెషయా 58వ అధ్యాయం తీసి ఒకసారి చదువుకోండి, సొంత మనుషులకి ముఖం చాటేసి చేసే ఉపవాసం గురించి దేవుడేమన్నాడో అక్కడ ఉంది. ఇక విన్నపాల్లో పేరు రాయించడం అసలే వద్దు.

నాలుగు పేజీల మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది మూడో పేజీ చివర మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం. "నేను సాక్ష్యం చెప్పడానికి లేచానంటే చాలు, ఆయన బయటికెళ్లి బండి దగ్గర నిలబడతారు, అయిపోయాక లోపలికి వస్తారు." దీన్ని ఆయన చల్లారిపోయారనడానికి రుజువుగా రాశారు మీరు. నాకు మాత్రం మీ ఇంటి కష్టం మొత్తం అక్కడే కనిపించింది. మొదటి పాట నుంచి ఉన్న మనిషి, ప్రార్థనకి మోకరించిన మనిషి, వాక్యం చెప్పేటప్పుడు కూర్చున్న మనిషి మీరు మైకు పట్టుకున్న ఆ కాసేపు మాత్రమే చెప్పులేసుకుని బయటికి పోతున్నాడంటే, ఆయన పారిపోతున్నది దేవుడి దగ్గర్నుంచా, మీ దగ్గర్నుంచా? మీరే ఆలోచించండి. ఎన్నిసార్లని కూర్చుని వింటారు ఆయన, తన భార్య నోట, తన పిల్ల పక్కన, తన ఊరివాళ్ల మధ్య, తాను పుస్తెలు తాకట్టు పెట్టిన కథ?

మీ సాక్ష్యంలో ఏం చెబుతారో కూడా రాశారు, కాస్త సంతోషంగానే రాశారు. ఆ పుస్తెల మాట దగ్గరికి రాగానే ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకుంటారట. యవ్వనస్థుల్లో ఒక అబ్బాయి దాన్ని ఫోన్లో తీసి వాట్సాప్ స్టేటస్ పెడితే అది మిల్లు దాకా వెళ్లిందట, షిఫ్టులో వాళ్లు ఆయన్ని పిలిచి మరీ చూపించారట. దాని తర్వాత మీరు రాసిన మాట: "అయినా ఎంతమందికి ఆశీర్వాదం అయ్యిందో." అమ్మా, ఆ షిఫ్టు అయ్యేవరకు ఆయన ఎలా పనిచేసి ఉంటారో ఒక్క నిమిషమైనా అనుకున్నారా?

సాక్ష్యం అంటే నాకు చిన్నచూపు లేదు, ఉండదు కూడా. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి వైపు కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్లు వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. ఆ కాలం నుంచి మన ప్రాంతంలో చదువురాని ఆడవాళ్లు ఎందరో మొదటిసారి నలుగురిలో లేచి నోరు విప్పింది సాక్ష్యం చెప్పడానికే. పొలంలో, ఇంట్లో ఎవరూ వినిపించుకోని మనిషి మాటని ఆ ఐదు నిమిషాలు అందరూ విన్నారు. మీకూ ఆ ఐదు నిమిషాలు కావాలి, నాకు తెలుసు. పడిన వాళ్లకి చెప్పుకోవాలని ఉంటుంది. కానీ మీరు చెబుతున్నది మీ కథలాగే మొదలై, సగం దాటేసరికి ఆయన కథ అయిపోతోంది. పర్లాకిమిడి ప్రాంతంలో ఉండి కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారివి (1803–1890) మన పాటల పుస్తకంలో ఎన్నో పాడుకుంటాం కదా, వాటిలో పాపి ఎవరయ్యా అంటే పాడేవాడే. పక్కవాడి పాపం మీద కీర్తన కట్టలేదు ఆయన.

మీ పాస్టర్ గారు ప్రకటన గ్రంథం 12:11 చూపించి, సాక్ష్యం వల్లే సాతాన్ని జయిస్తాం, ఆపకూడదు అన్నారని రాశారు. మంచి వచనం. చివరిదాకా చదవండి. వాళ్లు మరణం వరకు తమ ప్రాణాలను ప్రేమించలేదని ఉంది. వాళ్లు పణంగా పెట్టింది తమ ప్రాణాన్నే. మీ సాక్ష్యానికి ఇన్నేళ్లుగా ఖరీదు కడుతున్నది ఎవరు?

ఇంకొకటి, ఆదికాండము 9వ అధ్యాయం. నోవహు ద్రాక్షారసం తాగి గుడారంలో బట్టల్లేకుండా పడిపోయాడు. కొడుకు హాము చూశాడు, బయటికొచ్చి అన్నదమ్ములకి చెప్పాడు. షేము, యాపెతు మాత్రం ఒక బట్ట భుజాల మీద వేసుకుని, వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, ముఖం తిప్పుకునే తండ్రి మీద కప్పారు. హాము అబద్ధం ఏమీ చెప్పలేదమ్మా. చూసిందే చెప్పాడు. "నేనేమైనా లేనిది చెబుతున్నానా" అని మీరు ఉత్తరంలో రెండుచోట్ల అన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. నిజమైనంత మాత్రాన ప్రతిదీ గుడారం బయటికి తేవాల్సింది కాదు. యోసేపునే చూడండి, తనని అమ్మేసిన అన్నలకి తానెవరో చెప్పే ముందు గదిలో ఉన్న ఐగుప్తీయులందర్నీ బయటికి పంపించేశాడు, ఆ తర్వాతే నోరు తెరిచాడు. అన్నలు చేసిన పని ఆ రాజ్యంలో ఎవరికీ తెలియకూడదనుకున్నాడనే నేను నమ్ముతాను. బాధపడిన వాడు ఆయనే, అయినా వాళ్ల పరువు కాపాడింది ఆయనే.

ఇది చదివి, కొట్టే మొగుడి సంగతి దాచిపెట్టమంటున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆయన చెయ్యి ఎత్తిన రోజుల్లో మీరు అరిచి చెప్పాల్సింది, మీ అన్నదమ్ములకి, పాస్టర్ గారికి, అవసరమైతే పోలీసులకి. మళ్లీ ఎప్పుడైనా అలా జరిగితే ఒక్క రోజు కూడా ఓర్చుకోవద్దు, 181 మహిళల హెల్ప్‌లైన్ ఉంది, 112 ఉంది. భార్య లోబడి ఉండాలి అనే వచనం చెప్పి దెబ్బలు తినమనే వాళ్ల మాట వినకండి. అది సాయం కోసం చెప్పుకోవడం, దానికి మీకు పూర్తి హక్కుంది. ఇప్పుడు మీరు చేస్తున్నది వేరు. ఏళ్ల తరబడి తాగకుండా నిలబడిన మనిషిని ప్రతి ఆదివారం మళ్లీ తాగించి, మళ్లీ పడగొట్టి, అందరికీ చూపించి లేపుతున్నారు. తాగుడు మానిన వాళ్ల కోసం 1935లో అమెరికాలో మొదలై మన దేశంలో కూడా నడుస్తున్న ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలున్నాయి, అక్కడ ఎవరి కథ వాళ్లే చెప్పుకుంటారు, పూర్తి పేరు కూడా చెప్పక్కర్లేదు, విన్నది బయట మాట్లాడరు. మానిన మనిషికి పరువు ఎంత ముఖ్యమో వాళ్లకి తెలుసు. మన సంఘాలకి కూడా తెలిస్తే బాగుండును.

ఇక పాప. తొమ్మిదో తరగతి చదివే పిల్ల, బడిలో తోటి పిల్ల "ఏటే, మీ నాన్నేనటగా మీ అమ్మ పుస్తెలు తాకట్టెట్టి తాగేసినాడు" అందని ఇంటికొచ్చి ఏడ్చిందని రాశారు. దానికి మీరు "సిలువ మోయాలమ్మా" అన్నారట. ఆ పిల్ల మోస్తున్నది సిలువ కాదు తల్లీ, మీ మైకు. క్రీస్తు కోసం పడే నింద వేరు, అమ్మ చెప్పిన కథ వల్ల నాన్న గురించి పడే మాట వేరు, వాటిని కలిపేసి పిల్లకి నేర్పితే రేపు ఆ పిల్ల ప్రార్థనకి కూడా దూరమవుతుంది. నాన్నతో కలిసి చదివే బైబిలు ఎందుకు ఆగిపోయిందో మీకు అంతుపట్టలేదన్నారు. నాకైతే తెలుస్తూనే ఉంది. వాళ్లిద్దరికీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి మొహమాటంగా ఉంది.

మీ ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది, దాన్ని కూడా ఫిర్యాదుగానే రాశారు. ఆయన మిల్లు నుంచి తిన్నగా రారు, మందు షాపున్న వీధి వదిలేసి చెరువుగట్టు మీద చుట్టూ తిరిగి వస్తారు, అందుకని ఇంటికి వచ్చేసరికి ఆలస్యమవుతోంది అని. వర్షాకాలంలో బురదలో కూడా అలాగే వస్తారట. చదివి నాకు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లుగా రోజూ సాయంత్రం ఒక మనిషి ఎవరికీ చెప్పకుండా దారి మార్చుకుని నడుస్తుంటే, ఆ మనిషిని వెనుకబడ్డాడు అంటారా? ఆ గట్టు మీద ఆయన ఏమనుకుంటూ నడుస్తారో ఎప్పుడైనా అడిగారా? దేవుడు మీ ఇంట్లో చేసిన పని చూడాలంటే ఒకరోజు ఆ గట్టు చివరికి వెళ్లి నిలబడండి, ఆయనతో కలిసి ఇంటికి నడిచి రండి. ఆ దారిలో ఉపదేశం చెయ్యకండి. వచనాలు చెప్పకండి. "నన్ను క్షమించండి, మీ సంగతి మీరు చెప్పుకోవాల్సింది, నేను చెప్పేశాను, ఇంక చెప్పను" అంటే చాలు. ఆయన ఏమీ అనకపోవచ్చు. మనవైపు మగవాళ్లు అలాంటప్పుడు వర్షం గురించో బండి గురించో మాట్లాడతారు. మాట్లాడనివ్వండి. మొదటి పేతురు 3వ అధ్యాయం మొదట్లో వాక్యం లేకుండానే భర్తని రాబట్టుకోవడం గురించి ఉంది, మీకు కంఠతా వచ్చే ఉంటుంది, మీ సంఘంలో దాన్ని లోబడడం గురించి మాత్రమే చెబుతారేమో గానీ నాకు అందులో బలంగా వినిపించేది మౌనం.

ఆ వీడియో తీసిన అబ్బాయికి రేపే ఫోన్ చేసి తీయించండి. ఇంకెవరెవరికి పంపాడో అడిగి వాళ్లకీ మీరే చెప్పండి, సిగ్గుపడకండి. రాత్రి బైబిలు మళ్లీ మొదలుపెట్టాలంటే మీరు పట్టుకుని కూర్చోవద్దు. మార్కు సువార్త చిన్నది, 16 అధ్యాయాలే, పాపని చదవమనండి, ఆయన మంచం మీద పడుకునే వింటారు, విననివ్వండి. "చూశారా, ఇది మీ గురించే" అని మాత్రం మీ నోటి వెంట రాకూడదు. ఆయన మీ గురించి కూడా ఆ మాట అనగలరు, ఇన్నాళ్లూ అనలేదు.

పాపకి కూడా మీరే చెప్పాలి, నాన్న ముందు కాదు, విడిగా. నాన్న తప్పు చేశారు, మానేశారు, దాన్ని ఊరందరికీ చెప్పింది అమ్మ, అది అమ్మ చెయ్యకూడని పని అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ పిల్లకి ఆ మాట కావాలి.

సాక్ష్యం ఇంక చెప్పనే చెప్పకూడదా అంటారేమో. చెప్పండి, మీది చెప్పండి. ఆ రోజుల్లో మీకు ఎంత కోపం ఉండేదో, అత్తగారిని ఎన్నెన్ని మాటలన్నారో మీరే రాశారు కదా, పిల్ల జ్వరంతో ఉంటే చెయ్యి చేసుకున్నారని కూడా రాశారు. దేవుడు అవి మీలోంచి ఎలా తీశాడో చెప్పండి. ఇన్ని సభల్లో అవి ఒక్కసారైనా చెప్పారా? ఆయన గురించి చెప్పాల్సి వస్తే ముందు ఆయన్ని అడగండి, వద్దంటే వద్దు.

డిసెంబరు 31 రాత్రి జరిగే వాచ్ నైట్ ఆరాధనకి మీ సాక్ష్యం ఉండాలని పాస్టర్ గారు అప్పుడే అడిగారని రాశారు. ఆఖరి రోజు దాకా ఉంచకుండా ఈ వారమే వెళ్లి, ఈసారి నేను చెప్పడం లేదు అనేయండి. ఆయన కాస్త నొచ్చుకుంటారు, ఇంతమంది ఎదురుచూస్తారమ్మా అంటారు. కారణం అడిగితే "మా ఆయనకి ఇష్టం లేదు" అని మళ్లీ ఆయన మీదికి నెట్టకండి. "నేనే వద్దనుకున్నాను అయ్యగారూ" అనండి, అని వచ్చేయండి.