జీతాల దగ్గరికి వచ్చేసరికే డబ్బు లేదంటారేం?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి: మున్సిపల్ కౌన్సిల్ బడ్జెట్, అందులో సిబ్బంది జీతాలు. ముప్ఫై ఏళ్లకు పైగా మున్సిపల్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మ పదకొండేళ్లుగా మా ఊరి మున్సిపాలిటీలో ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికురాలు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఐదింటికల్లా హాజరు వేసే మస్టర్ దగ్గర ఉంటుంది. రెండు నెలలుగా జీతం రాలేదు. అడిగితే జనరల్ ఫండ్‌లో డబ్బు లేదంటున్నారు. మొన్న కౌన్సిల్‌లో మాత్రం మా పక్క వీధికి సిమెంటు రోడ్డు మంజూరు చేశారు. రోడ్డుకు ఉన్న డబ్బు మా అమ్మ జీతానికి ఎందుకు లేదు సార్?
– ఓ డిగ్రీ విద్యార్థిని, తెలంగాణ

జవాబు: అమ్మా, సూటిగా అడిగావు, సూటిగానే చెబుతాను. మున్సిపాలిటీ డబ్బంతా ఒకే పెట్టెలో ఉండదు. రోడ్ల డబ్బు, నీళ్ల డబ్బు, జీతాల డబ్బు వేర్వేరు పద్దుల్లో ఉంటాయి, ఒకదాంట్లోది తీసి ఇంకోదానికి వాడటానికి చాలాసార్లు వీలుండదు. కేంద్రం డబ్బు ఎలా పంచాలో చెప్పే ఆర్థిక సంఘాల్లో 15వది 2021-26 కాలానికి ఇమ్మన్న గ్రాంట్లనే చూడు. చిన్న, మధ్యస్థాయి పట్టణాలకు వచ్చేదాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే కేటాయించాలన్నారు. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ జీతాలకు, ఆఫీసు నిర్వహణకు మాత్రం తీయకూడదన్నారు. అందుకే ఒకే నెలలో రోడ్డు మంజూరవుతుంది, జీతం ఆగిపోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పురపాలక సంఘాల్లో రెగ్యులర్ ఉద్యోగుల జీతాలు చాలావరకు 010 పద్దు కింద ప్రభుత్వ ఖజానా నుంచి వస్తాయి. మీ అమ్మలాంటి వాళ్లకు మాత్రం జనరల్ ఫండ్ నుంచే ఇవ్వాలి, అంటే ఊళ్లో వసూలైన డబ్బు: ఆస్తి పన్ను, కుళాయి బిల్లులు, మున్సిపల్ షాపుల అద్దెలు, ఇంటి ప్లాన్ల ఫీజులు. ఏప్రిల్లో కడితే 5 శాతం రాయితీ ఉంటుంది కాబట్టి అప్పుడు కొంత పన్ను వస్తుంది, మార్చిలో బిల్ కలెక్టర్లు ఇల్లిల్లూ తిరుగుతారు కాబట్టి అప్పుడు కొంత వస్తుంది. మధ్య నెలల్లో రాబడి పల్చబడుతుంది, కరెంటు బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది, కడుతూనే ఉంటారు. ఎవరిని ఆపితే గొడవ తక్కువో వాళ్లను ఆపుతారు, నెలనెలా ఆగేది ఊడ్చేవాళ్ల జీతమే. అది నేను కళ్లారా చూశాను, ఇప్పటికీ తలచుకుంటే బాధగానే ఉంటుంది.

కారణం ఏదైనా జీతం ఆపడం మాత్రం చట్టం ఒప్పుకోదు. కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకున్న సంస్థే కార్మికులకు ఇచ్చి, ఆ తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల్లోనూ (లేబర్ కోడ్‌లు) ఆ బాధ్యత అలాగే ఉంది. కాబట్టి మీ అమ్మా, తోటివాళ్లూ కలిసి కమిషనర్ గారికి రాతపూర్వకంగా ఇవ్వండి, కాపీ మీద అందినట్టు ఇన్‌వార్డ్ స్టాంపు వేయించుకోండి, ఇంకో కాపీ కార్మిక శాఖ అధికారికి పంపండి. నోటిమాటగా చెప్పింది ఏ ఫైల్లోకీ ఎక్కదు. ఒక పని ఈ రోజే చెయ్యి: ఉమాంగ్ యాప్‌లో అమ్మ పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడు. జీతంలో కోసిన పీఎఫ్ మరుసటి నెల 15వ తేదీలోగా ఖాతాలో పడాలి. జీతమే ఆలస్యమయ్యే చోట పీఎఫ్ కూడా పెండింగ్‌లో ఉండటం నాకు చాలాసార్లు ఎదురైంది.

ప్రశ్న: నేను ఏటా ఏప్రిల్లోనే ఆస్తి పన్ను కట్టేస్తాను. ఆ డబ్బులో చాలా భాగం జీతాలకే పోతోందట. సిబ్బందిని తగ్గిస్తే ఆ డబ్బుతో డ్రెయిన్లు బాగు చేయొచ్చు కదా? కౌన్సిల్‌లో ఈ మాట ఎవరూ ఎందుకు అనరు?
– ఓ రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, గుంటూరు జిల్లా

జవాబు: అంటారండీ, ప్రతి బడ్జెట్ సమావేశంలోనూ ఎవరో ఒకరు అంటారు. ముందుగా, పన్ను సకాలంలో కడుతున్నందుకు మీకు నిజంగా నమస్కారం. కానీ ఒక్కసారి ఆలోచించండి, డ్రెయిన్‌లో పూడిక తీసేది ఎవరు? వాల్వు తిప్పి మీ వీధికి నీళ్లు వదిలేది ఎవరు? రోడ్డు ఒకసారి వేస్తే కొన్నేళ్లు ఉంటుంది, చెత్త రేపు పొద్దున మళ్లీ ఉంటుంది. మున్సిపాలిటీ పనిలో ఎక్కువ భాగం మనుషుల చేతుల మీద జరిగేదే కాబట్టి ఖర్చులోనూ ఎక్కువ భాగం వాళ్ల జీతాలే అవుతాయి, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మనుషులు లేకపోతే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ మొత్తం చూసింది. 2023 డిసెంబర్ 26న మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగితే జనవరి రెండో వారం దాకా సందు చివర్లలో చెత్త గుట్టలు పడ్డాయి. అప్పటికి పారిశుద్ధ్య కార్మికులకు వచ్చేది 15 వేల జీతం, 6 వేల ఆరోగ్య అలవెన్సు, కలిపి 21 వేలు. అలవెన్సు అనేది ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపగలిగేది, వాళ్ల భయం అక్కడే ఉండేది. హైదరాబాద్‌లోనూ అంతే, 2015 జులైలో సమ్మె జరిగాకే జీతం 8,500 నుంచి 12,500కి పెరిగింది. అడగకుండా పెరిగిన సందర్భాలు నాకు గుర్తున్నవి తక్కువ.

నేను పనిచేసిన ఒక ఊళ్లో జరిగింది చెబుతాను. అజెండాలో కార్మికులకు సబ్బులు, కొబ్బరినూనె, చెప్పులు కొనే అంశం ఉంది. మొత్తం కలిపితే ఒక చిన్న కల్వర్టు ఖర్చు కూడా కాదు. ‘పోయినసారి కొన్నవి ఏమయ్యాయి’ అని ఒక సభ్యుడు లేచాడు, ఇంకొకాయన అందుకున్నాడు, చివరికి ‘వాయిదా’ అని రాసుకుని పక్కన పెట్టారు. ఆ తర్వాత నలభై నిమిషాల్లో లక్షల రూపాయల పనులు చేతులెత్తి ఆమోదించారు. మర్నాడు పొద్దున మస్టర్ దగ్గరికి వెళ్తే ఒకావిడ అరిచేతులు చూపించింది. గోళ్ల చుట్టూ పుండ్లు, వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా ఊడిపోయి ఉంది. ‘నూనె రాసుకుంటే మంట తగ్గుద్దయ్యా’ అంది, అంతే, ఇంకేం అడగలేదు. అంశం మూడు నెలల తర్వాత పాసైంది.

డబ్బు మిగలాలంటే నేను చూపించే చోటు వేరే ఉంది, బకాయిలు. మీరు ఏప్రిల్లోనే కడతారు, పెద్ద పెద్ద షాపింగ్ కాంప్లెక్సుల వాళ్లు కోర్టులో వేసి ఏళ్లకేళ్లు లాగుతారు, చాలా ఊళ్లలో ప్రభుత్వ ఆఫీసులే లక్షలు బాకీ ఉంటాయి. మీ కౌన్సిలర్ని ‘జీతాలు తగ్గించండి’ అని కాకుండా ‘బకాయిల్లో మొదటి యాభై పేర్లు చదవండి’ అని అడగండి.

ప్రశ్న: అన్నా, నేను మొదటిసారి కౌన్సిలర్‌ని. బడ్జెట్ పుస్తకం ముందురోజు రాత్రి ఇచ్చారు, అన్నీ అంకెలే, చూస్తేనే టెన్షన్. ఒక్క గంటలో ఏం చూడాలి?
– ఓ వార్డు కౌన్సిలర్

జవాబు: తమ్ముడూ, ఖర్చుల పేజీలు తర్వాత, ముందు రాబడి పేజీ తియ్యి. పక్కపక్కనే నిలువు గడులు ఉంటాయి: గడిచిన ఏడాది నిజంగా వచ్చింది, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. అందరూ చివరిది చదువుతారు, నువ్వు మొదటిది చదువు. పోయినేడు ఆస్తి పన్ను 4 కోట్లు వచ్చి, వచ్చే ఏడాదికి 7 కోట్లు అని రాసి ఉందనుకో, ఆ తేడా 3 కోట్లు కాగితం మీదే ఉంటుంది. కానీ ఖర్చు ఆ 7 కోట్లూ వస్తాయన్న లెక్కతోనే పంచేస్తారు, పనులు మొదలవుతాయి, బిల్లులు పేరుకుంటాయి, ఆగస్టు వచ్చేసరికి జీతాలకు వెతుక్కుంటారు. పై ఉత్తరం రాసిన అమ్మాయి కష్టం మొదలయ్యేది ఈ గడిలోనే. ‘3 కోట్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఏ వార్డులో ఎంత’ అని అడుగు, మినిట్స్‌లో, అంటే సమావేశం రికార్డులో రాయించు.

తర్వాత శాఖలవారీగా చూడు. శానిటేషన్, ఇంజినీరింగ్ రెండింట్లోనూ ఔట్‌సోర్సింగ్ మనుషులు ఎందరు, వాళ్లకు పన్నెండు నెలల జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ కలిపి ఎంత, పుస్తకంలో రాసింది ఎంత, ఫోన్‌లో లెక్క కట్టుకో. పది నెలలకే సరిపోయేంత రాసిన బడ్జెట్లు నేను చూశాను. మీది తెలంగాణ అయితే 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి, మొక్కలకు నీళ్లు పోసే మనుషుల కూలి అందులో చూపించారా లేదా అడుగు. టేబుల్ అజెండా అని సమావేశం మధ్యలో కాగితాలు పెడితే చదివేదాకా చెయ్యెత్తకు. నీకు ఒప్పుదల లేని తీర్మానం మీద అభ్యంతరం రాసివ్వు, మాటల్లో అరిచి ఊరుకుంటే రికార్డులో ‘ఏకగ్రీవం’ అనే ఉంటుంది.

పెద్ద అంకెలు చూసి బెదరకు. హైదరాబాద్ నగరపాలక సంస్థ 2025-26 బడ్జెట్ 8,440 కోట్లు, అక్కడా చూడాల్సింది ఇదే గడి.

ప్రశ్న: మాలాంటి మామూలు జనం ఆ బడ్జెట్ కాపీ చూడొచ్చా?
– ఓ గృహిణి, విజయనగరం జిల్లా

జవాబు: తప్పకుండా చూడొచ్చమ్మా. ఏ పనికి ఎంత కేటాయించారో అడగకముందే బయట పెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షనే చెబుతోంది. పెట్టకపోతే పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో ఇవ్వాలి. బడ్జెట్ ఒక్కటే అడగకండి, దాంతోపాటు ‘ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా ఔట్‌సోర్సింగ్ కార్మికులకు ఏ నెల జీతం ఏ తేదీన చెల్లించారు’ అని కూడా రాయండి. తెల్లకాగితం మీద రెండు లైన్లు చాలు.